రెండు కెమెరాలు, మా నానీ సవాల్

మా నానీ జిందగీ మొత్తానికి ఒకే ఒక్క తస్వీర్ ఉంది. అది కూడా షౌక్‌తో తీయించుకున్నది కాదు. హజ్ దరఖాస్తుకు ఫోటో అతికించాలన్నారు కాబట్టి తప్పక తీయించుకున్నది.

నానీ పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు పులివెందుల. ఫోటో తీయించుకున్నది మాత్రం ప్రొద్దుటూరులో. అక్కడొక సాబ్ స్టూడియో ఉందని, మన ఆడవాళ్లకు పర్దా బందోబస్తు బాగుంటుందని ఎవరో మామూకి చెప్పారట. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బస్సులో నానీ పక్కన కూర్చుని పోయిన ఆ రోజు ఇప్పటికీ యాద్ ఉంది. స్టూడియో లోపలి కమ్రాలో తాజ్‌మహల్ బొమ్మ గీసిన తెర, దాని ముందు ఒక స్టూలు. స్టూడియో సాబ్ బయటే నిలబడ్డాడు. ఆయన బేగం లోపలికి వచ్చి నానీ ముసుగు తీయించి, చీర కొంగు తల మీదికి సర్ది, గడ్డం కొంచెం పైకెత్తి కూర్చోబెట్టింది. అంతా సరిపోయాక పిలిస్తే సాబ్ తల దించుకునే వచ్చి కెమెరా వెనక నల్లగుడ్డ కిందికి దూరాడు.

నానీ ఆ నల్లగుడ్డతోనే మాట్లాడింది. "మేరా మూ కోన్ కోన్ దేఖ్తే, బేటా?" నా మొహం ఎవరెవరు చూస్తారు నాయనా, అని.

సాబ్ గుడ్డ తొలగించి బయటికొచ్చాడు. "అమ్మా, హజ్ దఫ్తర్‌లో చూస్తారు. విమానం ఎక్కేచోట చూస్తారు. మిగిలింది నా దగ్గర అమానత్" అన్నాడు. నానీ సరేనంది. ఫోటో తీశారు.

నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ చేసింది తెలుగులో. సవాల్ అనే మాటకు ఉర్దూలో ప్రశ్న అని అర్థం, తెలుగులోకి వచ్చాక అది పందెం అయింది. నానీ అడిగినదాన్ని నేను చాలా ఏళ్లు ఉర్దూ సవాల్ అనే అనుకున్నాను. పత్రికలో చేరి, పాత ఫోటోల తారీఖ్ చదవడం మొదలుపెట్టాక అది తెలుగు సవాల్ కూడా అని అర్థమైంది. మన ఇలాకా మీద పడిన కెమెరాలన్నిటికీ ఆ సవాల్ విసరాలి. ఈ వ్యాసం అందుకే.

కమ్రా, కెమెరా

ముందు కాస్త లఫ్జుల ముచ్చట. ఫోటోని ఉర్దూలో అక్స్ అంటాం. అద్దంలోనో నీళ్లలోనో కనబడే ప్రతిబింబం అది. తెలుగులో ఛాయాచిత్రం అన్నారు, అంటే నీడ బొమ్మ. ఒకే వస్తువును ఒక జబాన్ వెలుగు వైపునుంచి చూసింది, ఇంకో జబాన్ నీడ వైపునుంచి చూసింది. ఇక కెమెరా అంటే లాటిన్‌లో గది. మనం ఇంట్లో రోజూ అనే కమ్రా కూడా ఆ వేరునుంచి పుట్టిందే, పోర్చుగీసు వాళ్ల నోటిమీదుగా మనకు వచ్చింది. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంటే బయటి దృశ్యం లోపలి గోడ మీద తలకిందులుగా ఎలా పడుతుందో, బస్రాలో పుట్టి కైరోలో కన్నుమూసిన ఇబ్న్ అల్ హైసమ్ వెయ్యేళ్ల కిందటే లెక్కలతో పరిశీలించాడు.

మన ఇళ్లలో తస్వీర్ జాయిజా, నాజాయిజా అనే బహస్ ఉంది. అది ఉలమాలు తేల్చే మాట, నేను దాంట్లోకి పోను. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. సూరే హష్ర్ చివరి ఆయత్‌లో వచ్చే అస్మా ఉల్ హుస్నాలో అల్ ముసవ్విర్ ఒకటి. రూపాన్నిచ్చేవాడు అని. అందుకే మన పెద్దలు మనిషి రూపంతో ఆడుకోవడానికి భయపడ్డారు. రూపం ఆయన అమానత్ అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1839లో పారిస్‌లో దాగేర్ పద్ధతిని జాహిర్ చేశారు. కొద్ది నెలల్లోనే కెమెరా కలకత్తా చేరింది. 1856 నాటికి మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వచ్చేసింది. అదే ఏడాది కంపెనీ లిన్నేయస్ ట్రైప్ అనే ఫౌజీ అఫ్సర్‌ని మద్రాసు ప్రెసిడెన్సీకి సర్కారీ ఫోటోగ్రాఫర్‌గా పెట్టింది. మన అమరావతి శిల్పాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నప్పుడు 1858లో ఫోటోలు తీసింది ఆయనే. రాళ్లు కదలవు కదా, ఆ కాలపు కెమెరాకు రాళ్లే నచ్చేవి. మనుషుల వంతు తర్వాత వచ్చింది.

ఒక సంతకం

మన కడప జిల్లా 1800 దాకా నిజాం ఇలాకా. టిప్పు సుల్తాన్ మీద జరిగిన జంగుల్లో నిజాం వాటాకు వచ్చిన ముల్కును, కంపెనీ ఫౌజు ఖర్చుల కింద నిజాం అలీ ఖాన్ 1800 అక్టోబరులో కంపెనీకే రాసిచ్చాడు. అందుకే మనల్ని దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో కలెక్టరై వచ్చాడు. మొన్నటిదాకా హైదరాబాద్ రియాయాగా ఉన్న జనం రాత్రికి రాత్రే మద్రాసు ప్రజలయ్యారు.

ఆ సంతకం శిస్తునూ కచేరీనీ మార్చిందని అందరూ రాశారు. దానితో మారినది ఇంకొకటి ఉంది. ఎవరి కెమెరా ముందు నిలబడాలి అనేది కూడా మారింది. హైదరాబాద్ వైపు ఒక ముసవ్విర్ వచ్చాడు. మద్రాసు వైపు ఇంకొకడు. ఇద్దరూ ఒకే తరం వాళ్లు, చేసింది ఒకే హునర్. కానీ ఇద్దరి తస్వీర్లను పక్కపక్కన పెడితే రెండు వేరే దునియాలు.

ధాత కరువులో హూపర్

విలోబీ వాలెస్ హూపర్ 1837లో పుట్టాడు. మద్రాసు అశ్వదళంలో అఫ్సర్. 1860లలో మధ్య హిందుస్తాన్ జాతుల ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ ఫోటోలు 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అనే మోటు పుస్తకంలోకి చేరాయి. 1868నుంచి 1875 దాకా 8 సంపుటాలుగా వచ్చింది అది. 1857 గదర్ తర్వాత అంగ్రేజులకు ఒక దిగులు పట్టుకుంది, ఈ ముల్కులో ఎవరు ఎవరో తెలియకపోతే ఏలడం కష్టం అని. అందుకని కులానికొక ఫోటో, తెగకొక ఫోటో, దాని పక్కన ఆ జాతి గుణం ఎలాంటిదో నాలుగు వాక్యాలు. మనిషి పేరు కంటే జాతి పేరే ముఖ్యం.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో లండన్ పోయినప్పుడు, ఇండియా ఆఫీసులో ఆ పుస్తకం చూశాడు. అందులో హిందుస్తానీలను చూపించిన తీరుకు ఆయన దిల్ బాధపడింది. ఆయన కొడుకు సయ్యద్ మహమూద్ ఆ పేజీలు తిప్పుతుంటే ఒక తెల్ల కుర్రాడు, నువ్వు హిందుస్తానీవా అని అడిగాడట. అవునన్నాడు. అంటూనే సిగ్గుతో ఎర్రబడి, నేను ఈ ఆదిమ జాతులవాణ్ని కాదు, మా పూర్వీకులు బయటినుంచి వచ్చారు అని చెప్పుకొన్నాడట. సర్ సయ్యద్ స్వయంగా రాసిన సంగతి ఇది. చదివిన ప్రతిసారీ నాకు రెండు విధాలుగా దుఃఖం వస్తుంది. ఒకటి, ఆ పుస్తకం మనల్ని చూసిన నజర్‌కు. రెండు, ఆ నజర్ నుంచి తప్పించుకోవడానికి మనవాళ్లు పేదవాళ్లను వాళ్ల వైపు తోసేసి పక్కకు జరిగినందుకు.

1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది. వానలు లేవు. బళ్లారి, కర్నూలు, కడప మొత్తం ఎండిపోయాయి. మన వైపు ముసలివాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది ఇదే. 1878 దాకా సాగిన ఆ కరువులో బ్రిటిష్ ఇలాకాల్లోనే 50 లక్షలకు పైగా మనుషులు చనిపోయారని అంచనాలు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అఫ్సర్ వచ్చి, కరువు పనిలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన చిల్లర చాలన్నాడు. పౌండు అంటే అరకిలో కూడా కాదు. మద్రాసు ఆరోగ్య శాఖ పెద్ద డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే లెక్క అని ఎదిరించాడు. ఊళ్లొదిలిన జనం రోడ్ల వెంబడి మద్రాసు దారి పట్టారు.

ఆ జనాన్ని హూపర్ ఫోటోలు తీశాడు. మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఇంగ్లీషు కరువు పుస్తకాల అట్టల మీద ఇప్పటికీ అవే. పది పన్నెండు మంది గుంపు. కొందరు నిలబడి, కొందరు కూర్చుని, ముందు వరుసలో పసిపిల్లలు. ఒంటి మీద గుడ్డ లేదు, ఉన్నా ఎముకలు కనబడేటట్టు పక్కకు జరిగింది. అందరి మొహాలూ ఇటే. ఒక ఫోటో కింద 'ఉచిత సాయానికి తగినవారు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. ఇంకోదాని కింద రిలీఫ్ క్యాంపు పేరు. మనిషి పేరు లేదు.

ఆ జమానా కెమెరా ఎలా పనిచేసేదో తెలిస్తే ఆ ఫోటోల వెనక ఏం జరిగిందో కళ్లకు కడుతుంది. గాజు పలకకు మందు పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అప్పటికప్పుడే గుడారంలో కడగాలి. పలకకు వెలుగు సోకే ఆ కొద్ది సెకండ్లు ఎదుటివాడు కదలకూడదు. నిలబడే ఓపిక లేనివాళ్లను వరుసగా పేర్చి, పిల్లల తలలు సరిచేసి, కదలకండి అని చెప్పి తీసిన ఫోటోలవి. యాదృచ్ఛికంగా దొరికిన దృశ్యాలు కావు. ఫోటో అయ్యాక వాళ్లకు పిడికెడు గింజలైనా పెట్టకుండా పంపేశాడనే నింద హూపర్ మీద ఉంది.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కరువు జరిగిందని, అంత ఘోరంగా జరిగిందని మనకు ఇవాళ గవాహీ ఇచ్చేవి ఆ ఫోటోలే. 1877లో మద్రాసు గవర్నర్ అపీలు చేస్తే లండన్ మేయర్ పేరు మీద పెద్ద చందా పోగైంది. కరువు ఫోటోలు చూసి చెక్కిన బొమ్మలు ఇంగ్లండు పత్రికల్లో వచ్చాయి. టెంపుల్ లెక్కను కాగితం మీద కాదనడం తేలిక, ఆ డొక్కలు చూశాక కాదనడం కష్టం. హూపర్ తీయకపోతే ధాత కరువు మన జేజిల కథల్లోనే ఆగిపోయేది.

అయినా ఆ నజర్ ఎలాంటిదో పదేళ్లలోపే బయటపడింది. 1886లో బర్మాలోని మాండలేలో హూపర్ ప్రొవోస్ట్ మార్షల్‌గా ఉండి, ఖైదీలను కాల్చి చంపేటప్పుడు తూటాలు తగిలే క్షణాన్ని పలక మీద పట్టడానికి ప్రయత్నించాడు. ఖబర్ లండన్ పత్రికకు చేరి, పార్లమెంటులో అడిగి, విచారణ జరిగింది. ఆయన్ని మందలించి, కొన్నాళ్లు జీతం తగ్గించారు. చచ్చేవాడు ఆయనకు మనిషి కంటే ముందు ఒక మంచి నమూనా.

ముసవ్విర్ జంగ్

ఇప్పుడు హైదరాబాద్ వైపు రండి. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైన జౌహరీల ఖాన్‌దాన్‌లో పుట్టాడు. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో నక్షాలు గీయడం నేర్చుకున్నాడు. ఇందోర్‌లో సర్కారీ నౌకరీ. 1874లో షౌక్‌గా కెమెరా పట్టాడు. సర్ హెన్రీ డేలీ లాంటి అంగ్రేజు అఫ్సర్లు వెన్ను తట్టారు. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య హిందుస్తాన్ అంతా తిరిగి గుళ్లు, కోటలు తీశాడు. 1880ల నడిమిలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బార్‌కు ముసవ్విర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో, తర్వాత బొంబాయిలో స్టూడియోలు పెట్టాడు. 1894లో నిజాం ఇచ్చిన ఖితాబ్: రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్. ఒక జైనుడికి ఒక ముసల్మాన్ బాద్షా ఇచ్చిన అరబ్బీ, ఫార్సీ కలిసిన బిరుదు అది. మన దక్కన్ తహజీబ్ అంటే ఇదే.

ఆయన తీసిన తస్వీర్లు చూడండి. నవాబు కూర్చున్నాడంటే కుర్చీ ఆయనది, తలపాగా కట్టు ఆయనది, చెయ్యి కత్తి మీద పెట్టాలా మోకాలి మీద పెట్టాలా అనేది కూడా ఆయన ఇష్టమే అన్నట్టుంటుంది. వెలుగు పక్కనుంచి మెల్లగా మొహం మీదికి వస్తుంది. షేర్వానీ మీది జరీ పోగులు లెక్కపెట్టవచ్చు, అయినా మీ కళ్లు మొహం దగ్గరే ఆగుతాయి. ఫలక్‌నుమా మెట్ల మీద తీసినా, పరేడ్ మైదానంలో తీసినా, ఎవరి స్థానం ఎక్కడో ఫోటోకి తెలుసు. అదబ్ అనే మాటకు రూపం కడితే ఇలా ఉంటుంది.

వీటన్నిటికంటే మన ఇళ్లకు దగ్గరి సంగతి ఇంకొకటి. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పర్దాలో ఉండే బేగంల కోసమే. ఎత్తైన గోడలు, లోపల మగవాడి నీడ పడకూడదు. దాన్ని చూసుకోవడానికి మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళను పెట్టాడు. గమనించండి, ఒక జైన మర్దుడు, ఒక క్రిస్టియన్ ఔరత్ కలిసి ముసల్మాన్ బేగంల సవాల్‌కు జవాబు వెతికారు. నా మొహం ఎవరెవరు చూస్తారు అని వాళ్లూ అడిగే ఉంటారు. దాదాపు నూరేళ్ల తర్వాత ప్రొద్దుటూరులో స్టూడియో సాబ్ తన బేగంని లోపలికి పంపినప్పుడు, ఆయనకు తెలియకుండానే ఆ జనానా స్టూడియో రివాజునే నడిపాడు.

మరి దీన్‌దయాళ్ అంతా ఫరిష్తానేనా? కాదు. హూపర్ తన దోస్తు వెస్టర్న్‌తో కలిసి పులి వేట ఫోటోలను కథలాగా పేర్చి తీశాడు. దీన్‌దయాళ్ కూడా పులి వేటలు తీశాడు, 1902లో లార్డ్ కర్జన్ చంపిన పులితో సహా. రెండింటిలోనూ పులిని తరిమినవాళ్లు, తుపాకులు మోసినవాళ్లు అంచుల్లో నిలబడి ఉంటారు. 1899, 1900 నాటి కరువులో ఔరంగాబాద్ వైపు నిజాం హుకుమత్ పెట్టిన కరువు పనుల ఫోటోలు తీసింది దీన్‌దయాళ్ స్టూడియోనే. అక్కడ నవాబుల ఠీవి లేదు, పేర్లు తెలియని కూలీల గుంపులు. సర్కార్ ఎంత మంచి పని చేస్తోందో చూపించే బొమ్మలవి. హూపర్ ఫోటోల్లో ఆకలి కనబడి మనిషి పోయాడు. వీటిలో ఇంతెజాం కనబడి ఆకలి పోయింది. మన తాతలు నిజాం ఇలాకాలోనే ఉండిపోయి ఉంటే ముసవ్విర్ జంగ్ కెమెరా ముందు మఖ్మల్ కుర్చీలో కూర్చునేవాళ్లు అనుకోకండి. వాళ్లు ఉండేది ఆ గుంపులోనే.

నజర్ నెత్తుటిలో ఉంటుందా?

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? 1982లో జూడిత్ మారా గట్‌మన్ అనే అమెరికా రచయిత్రి 'త్రూ ఇండియన్ ఐస్' అనే పుస్తకం రాసింది. హిందుస్తానీ ఫోటోగ్రాఫర్లు దునియాను చూసే తీరే వేరు, వాళ్ల ఫోటోల్లో మన పాత సూక్ష్మచిత్రాల లక్షణాలు ఉన్నాయి అని ఆమె వాదన. చదవడానికి బాగుంటుంది, మనకు కొంచెం గర్వంగా కూడా ఉంటుంది. కానీ దీన్‌దయాళ్ తీసిన కోటల ఫోటోలు చూస్తే ఆ వాదన నిలబడదు. రూర్కీలో నేర్చుకున్న నక్షా హునర్ వాటిలో సాఫ్‌గా కనబడుతుంది. పేరు తీసేసి ఇస్తే శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు తీశాడన్నా నమ్ముతాం. చూపు నెత్తుటినుంచి వస్తుందంటే మళ్లీ 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' లెక్కలోకే పోతాం. జాతికొక గుణం, జాతికొక నజర్.

లక్నోనుంచి ఒక మిసాల్ చెప్తాను. 1857కు ముందు అక్కడ అహ్మద్ అలీ ఖాన్ అనే ముసవ్విర్ ఉండేవాడు. నవాబ్ వాజిద్ అలీ షాకు, ఆయన బేగంలకు తస్వీర్లు తీసినవాడు. ఊళ్లోని అంగ్రేజు అఫ్సర్లు, వాళ్ల మేమ్‌సాబ్‌లు, పిల్లలు కూడా ఆయన దగ్గరికే వచ్చి కూర్చున్నారు. ఆ ఆల్బమ్‌లో వాళ్లు ఎవరెవరో పేర్లున్నాయి. మరుసటి ఏడే గదర్. వాళ్లలో చాలామంది లక్నో ముట్టడిలో చనిపోయారు. వాళ్ల బంధువులకు మిగిలిన ఆఖరి మొహాలు ఒక ముసల్మాన్ చేతి పనితనం.

1858లో అదే లక్నోకు ఫెలిస్ బియాటో వచ్చాడు. వెనిస్‌లో పుట్టి బ్రిటిష్ ఫౌజుల వెంట తిరిగినవాడు. సికందర్ బాగ్‌లో చనిపోయిన హిందుస్తానీ సిపాయిల ఎముకలు మైదానంలో పరిచి ఉన్న ఫోటో ఆయనదే. జంగ్ జరిగి నెలలు గడిచాయి కాబట్టి, ఎముకలను బయటికి తీయించి పరిపించాడని చరిత్రకారులు అంటారు.

అహ్మద్ అలీ దగ్గర అంగ్రేజులు మనుషులుగా, పేర్లతో ఉన్నారు. బియాటో దగ్గర మనవాళ్లు ఎముకలుగా ఉన్నారు. కారణం ఒకరు ముసల్మాన్, ఒకరు ఫిరంగీ కావడం కాదు. ఒకరి దగ్గరికి జనం తమ కాళ్లతో నడిచి వచ్చి కూర్చున్నారు. ఇంకొకరి ముందు కాదనడానికి ఎవరికీ నోరు లేదు. హూపర్ ముందు కూర్చున్న మనవాళ్లకూ లేదు. ఔరంగాబాద్ కూలీలకూ లేదు. తస్వీర్ అడిగి తీయించుకున్నవాడికి ఒక శైలి, అడగకుండా తీయబడినవాడికి ఇంకో శైలి. రెండు కెమెరాల మధ్య ఉన్న అసలు సరిహద్దు అది. అది రెండు కౌముల మధ్య ఉండేది కాదు, ఒకే ఫోటోగ్రాఫర్ చేతిలో కూడా పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది.

నా చేతిలో హూపర్ కెమెరా

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు.

పత్రికలో చేరిన కొత్తలో పులివెందుల వైపు వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఒక పల్లెకు పోయాను. అప్పుల బాధకు ఒక రైతు మందు తాగి చనిపోయి నాలుగు రోజులైంది. ఇంటి ముందు అరుగు మీద ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. నేను సలాం లేదు, నమస్తే లేదు, ముందు కెమెరా తీశాను. చిన్నపిల్ల పక్కకు చూస్తుంటే ఇటు చూడమ్మా అన్నాను. ఆమెను కొంగు కొంచెం పక్కకు తీయమన్నాను, మొహం మీద నీడ పడుతోందని. అనుకున్నట్టే మంచి ఫోటో వచ్చింది. మరునాడు జిల్లా పేజీలో పెద్దగా వేశారు. కింద 'కరువు కాటుకు బలైన రైతు కుటుంబం' అని ఒక లైను. పేర్లు నేను రాసుకొచ్చాను గానీ పేజీలో జాగా లేదని తీసేశారు. నేను గొడవ పడలేదు. ఫోటో పెద్దగా వచ్చిందని ఖుషీలో ఉన్నాను.

నెల తర్వాత మళ్లీ ఆ పల్లెకు పోతే ఆమె పేపరు మడత పెట్టి దాచిపెట్టుకుని ఉంది. తీసి చూపించింది. "అందరూ మా ఫోటో చూసినారంట నాయనా. మా ఇంటాయన పేరు మాత్రం యాడా లేదే" అంది. కోపంగా అనలేదు. పేపరులో ఎక్కడో ఉండి తనకు చదువు రాక కనబడలేదేమో అన్నట్టు అంది. నేను ఆ పేపరు చేతిలోకి తీసుకుని, ఉన్న ఒక్క లైనునూ రెండుసార్లు చదివినట్టు నటించాను.

కొన్నేళ్లకు హూపర్ ఫోటోలు చూసినప్పుడు మొదట నాకు ఆ అరుగే కనబడింది. ఆయన గుర్రం మీద వచ్చిన దొర, నేను ఆర్టీసీ బస్సులో వచ్చిన రిపోర్టర్. మజహబ్ వేరు, రంగు వేరు, నూటపాతికేళ్ల తేడా. ఫోటో మాత్రం ఒకటే. గుంపుగా కూర్చున్నారు, మొహాలు ఇటే, కింద ఒక లైను, పేరు లేదు. ఆ తర్వాతనుంచి పేరు అడగకుండా, మీ ఫోటో ఫలానా చోట వస్తుంది అని చెప్పకుండా నేను ఎవరి మీదా కెమెరా ఎత్తలేదు. దీనివల్ల కొన్ని మంచి ఫోటోలు పోయాయి. పోనీ.

అమానత్

ప్రొద్దుటూరు స్టూడియో సాబ్ కన్నుమూసి చాలా కాలమైంది. డిజిటల్ వచ్చాక దుకాణం మూతపడింది. నెగటివ్‌లు ఉన్న అట్టపెట్టెలు ఏమయ్యాయని ఆరా తీస్తే, ఫిల్ములో వెండి తీసేవాళ్లకు తూకానికి అమ్మేశారని తెలిసింది. ఎన్ని ఖాన్‌దాన్‌ల నికాహ్‌లు, ఎంతమంది హాజీల మొహాలు ఆ పెట్టెల్లో ఉండేవో. ముసవ్విర్ జంగ్ గాజు పలకల్లో రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. హూపర్ ఫోటోలు లండన్‌లో ఉన్నాయి. నవాబుల మొహాలూ, ఆకలి డొక్కలూ హిఫాజత్‌గా ఉన్నాయి. ఆ రెండింటికీ నడిమిలో ఉన్న మనం, మన ఊరి స్టూడియోకు మన కాళ్లతో నడిచిపోయి, ఒళ్లు సర్దుకుని కూర్చుని తీయించుకున్న తస్వీర్లే తూకానికి పోయాయి.

అందుకని దోస్తులారా, ఒక పని చేయండి. ఈ జుమ్మా రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇనుప పెట్టె దించండి. దాదీ, నానీ, ఫుప్పూ, ఖాలా ఎవరు జీవించి ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కో ఫోటో చేతికిచ్చి ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు, ఎవరు తీశారు అని అడగండి. ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు, నొక్కు ముందుకు తేలుతుంది, సిరా ఊరుతుంది. ఉర్దూలోనూ తెలుగులోనూ రాయండి, పిల్లలకు ఏది వస్తుందో చెప్పలేం. ఆ తర్వాత ఫోనుతో ముందూ వెనకా రెండూ తీసి పెట్టుకోండి. బయట పెట్టే ముందు మాత్రం ఇంట్లో ఆడవాళ్లను అడగండి. నలుగురూ చూడొద్దు అంటే వద్దు. ఆ మాటా అమానతే.

నానీ హజ్ చేసి వచ్చి, ఆ తర్వాత పన్నెండేళ్లు బతికింది. ఆమె తస్వీర్ నా దగ్గర ఉంది. చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో, మూల మీద సర్కారీ మోహర్ సగం పడింది. కొంగు కింద కళ్లు నేరుగా చూస్తున్నాయి, భయంగా కాదు, సాబ్ మాట నమ్మినట్టు. దాని వెనక ఆమె పేరు, మా నానా పేరు, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు అని మూడు ఊళ్లూ పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఫోటోని ఇక్కడ పెట్టడం లేదు. హజ్ దఫ్తర్, విమానం ఎక్కేచోటు, ఈ రెండింటికే ఆమె సరేనంది.